పందెం పన్ను ఒక జేబులోకి, కాపలా ఖర్చు మరో జేబులోంచి

అమెరికాలో క్రీడా పందేల మీద, ఫాంటసీ ఆటల మీద (నిజమైన ఆటగాళ్లతో ఊహాజట్టు కట్టి, వాళ్ల గణాంకాలను బట్టి బహుమతికి పోటీపడేవి) రాష్ట్రాలు పెట్టే నిఘాకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది, ఎటు పోతుంది అని చాలామంది పాఠకులు రాశారు. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపి ఈసారి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: బెట్టింగ్ పన్ను కింద రాష్ట్రానికి కోట్ల డాలర్లు వస్తున్నాయని పేపర్లో చదువుతున్నాం. ఇంకోపక్క నియంత్రణ సంస్థలేమో మనుషులు చాలడం లేదంటాయి. వచ్చిన డబ్బంతా ఏమవుతోంది?
— వూస్టర్, మసాచుసెట్స్ నుంచి

పన్ను పెట్టె వేరు, నియంత్రణ సంస్థ జీతాల పెట్టె వేరు. ఈ ఒక్క సంగతి పట్టుబడితే సగం గందరగోళం పోతుంది.

మీ రాష్ట్రాన్నే తీసుకోండి. 2022 ఆగస్టులో చేసిన చట్టం ప్రకారం, కౌంటర్ దగ్గర కట్టే పందేల మీద వచ్చే నికర రాబడికి (గెలిచినవాళ్లకు ఇచ్చింది పోగా కంపెనీకి మిగిలేదానికి) 15 శాతం, ఫోన్‌లో కట్టేవాటికి 20 శాతం, ఫాంటసీ పోటీలకు 15 శాతం పన్ను. అలా వచ్చిన దానిలో 45 శాతం సాధారణ ఖజానాకు, 27.5 శాతం ఊళ్లకిచ్చే సాయానికి, 17.5 శాతం ఉద్యోగ శిక్షణ నిధికి, 9 శాతం ప్రజారోగ్య నిధికి, 1 శాతం యువజన నిధికి వెళ్తాయి. కూడి చూడండి, నూరూ అయిపోయాయి. నిఘా చూసే గేమింగ్ కమిషన్ పేరు అందులో ఎక్కడా లేదు. కమిషన్ ఏటా తన ఖర్చుల లెక్క వేసుకుని, దాన్ని లైసెన్స్ ఉన్న కంపెనీలకు వాటాల వారీగా పంచి వసూలు చేసుకుంటుంది. ఇది పన్నుకు అదనం.

న్యూజెర్సీలోనూ పద్ధతి ఇదే. క్యాసినోల పన్ను వెళ్లే రెవెన్యూ ఫండ్‌ను వృద్ధులకు, వికలాంగులకు సాయం చేసే పథకాలకు కేటాయించారు. తనిఖీ విభాగం ఖర్చులు మాత్రం కంట్రోల్ ఫండ్ అనే వేరే ఖాతాలోంచి వస్తాయి. ఆ ఖాతా నిండేది కంపెనీలు కట్టే ఫీజులతో.

అందుకని పన్ను రాబడి రెట్టింపైనా నిఘా చేసే మనుషులు ఒక్కరు కూడా పెరగకపోవచ్చు. పని మాత్రం పెరుగుతుంది. పందేలు పెరిగితే ఫిర్యాదులు పెరుగుతాయి, కొత్త రకం పందేలకు అనుమతి అడిగే దరఖాస్తులు పెరుగుతాయి, ఆడిట్ చేయాల్సిన లావాదేవీలు పెరుగుతాయి. కొత్త ఉద్యోగం మంజూరు కావాలంటే బడ్జెట్ చక్రం తిరిగిరావాలి. ఈలోగా పని నేర్చిన ఆడిటర్‌ను ఏదో ఒక కంపెనీ ఎక్కువ జీతమిచ్చి ఎగరేసుకుపోతుంది. ప్రభుత్వ జీతాల పట్టిక దానితో పోటీ పడలేదు. మా దృష్టిలో మనుషుల కొరతకు అసలు కారణం ఇదే. కంపెనీల మీద వేసే వాటా పెంచినంత మాత్రాన ఇది తీరదు. జీతాల స్థాయి కూడా మార్చాలి.

అన్ని రాష్ట్రాలూ ఇలా విడదీయలేదు. నార్త్ కరోలినాలో పందేల బాధ్యత లాటరీ కమిషన్‌ది. పన్ను రాబడిలోంచి ముందు దాని ఖర్చులు తీసి, మిగిలినదే పంపకానికి పెడతారు. మిస్సోరిలో 2024 నవంబరులో ఓటర్లు ఆమోదించిన సవరణ కూడా ఆ దారిలోనే ఉంది. ఫీజులకు అందని నియంత్రణ ఖర్చును ముందుగా పన్నులోంచి తీసుకోవచ్చు.

ప్రశ్న: పందేలు మొదలుకాకముందే నియంత్రణ సంస్థ పని మొదలుపెట్టాలి కదా. అప్పటికి పన్నూ ఉండదు, కంపెనీలూ ఉండవు. ఆ తొలి ఖర్చు ఎవరు పెట్టుకుంటారు?
— కొలంబస్, ఒహాయో నుంచి

అసలు ఇబ్బంది అంతా ఇక్కడే. చట్టం మీద గవర్నర్ సంతకం పడిన మర్నాటి నుంచి ‘ఎప్పుడు మొదలు’ అని అందరూ అడుగుతుంటారు. మసాచుసెట్స్‌లో చట్టం 2022 ఆగస్టు 10న వచ్చింది. కౌంటర్లు 2023 జనవరి 31న, ఫోన్ పందేలు మార్చి 10న మొదలయ్యాయి. కౌంటర్లు తెరిచేదాకా, దాదాపు ఆరు నెలలు, పన్ను రూపంలో ఒక్క డాలరు రాలేదు. జరగాల్సిన పని మాత్రం కొండంత: దరఖాస్తుదారుల, వాళ్ల పెట్టుబడిదారుల పూర్వాపరాల విచారణ, పందెం సాఫ్ట్‌వేర్‌కు స్వతంత్ర ప్రయోగశాలలో పరీక్ష, ఫోన్ నిజంగా రాష్ట్రం లోపలే ఉందో లేదో చూసే లొకేషన్ వ్యవస్థకు సరిహద్దుల దగ్గర పరీక్ష, ప్రతి కంపెనీ ఇచ్చిన అంతర్గత నియమావళిని పేజీ పేజీ చదవడం, ఏయే ఆటల మీద ఏయే రకం పందేలు కట్టవచ్చో జాబితా తయారు చేయడం.

దీనికి మూడు దారులు ఉన్నాయి. మొదటిది దరఖాస్తు ఫీజు. మసాచుసెట్స్‌లో అది 2 లక్షల డాలర్లు. విచారణకు అంతకంటే ఎక్కువైతే ఆ పైసొమ్ము కూడా దరఖాస్తుదారే కట్టాలి. ఈ చిన్న నిబంధన చట్టంలో లేకపోతే, పది దేశాల్లో అనుబంధ సంస్థలున్న పెద్ద కంపెనీని తవ్వేసరికి కమిషన్ జేబు ఖాళీ అవుతుంది. రెండోది లైసెన్స్ ఫీజు. ఇందులో రాష్ట్రాల మధ్య తేడా చాలా ఎక్కువ: అయోవాలో తొలి లైసెన్స్ 45 వేల డాలర్లు, మసాచుసెట్స్‌లో అయిదేళ్లకు 50 లక్షలు, పెన్సిల్వేనియాలో కోటి, న్యూయార్క్‌లో ఫోన్ పందేలకు 2.5 కోట్లు. మూడోది ఖజానా నుంచి ముందస్తు సొమ్ము తీసుకుని తర్వాత తీర్చడం. కొలరాడో 2019లో ఓటర్ల ఆమోదం తీసుకున్నప్పుడు, తొలి ఏర్పాట్ల ఖర్చును పన్ను రాబడిలోంచి తిరిగి ఖజానాకు కట్టాలని ముందే రాసుకుంది.

లైసెన్స్ ఫీజు పెద్దది కదా, దానితోనే ఏళ్ల తరబడి నడిపేయవచ్చు అనుకోవడం పొరపాటు. చాలాచోట్ల ఆ సొమ్ము నియంత్రణ సంస్థ చేతికే రాదు, నేరుగా ఖజానాకు పోతుంది. వచ్చినా ఒక్కసారే వస్తుంది. జీతాలేమో నెలనెలా ఇవ్వాలి. ఫీజు మరీ పెంచితే చిన్న కంపెనీలు అసలు రావు. మిగిలిన రెండు మూడు పెద్ద కంపెనీలే మొత్తం వాటా కడతాయి కాబట్టి, వాటిలో ఒకటి వెళ్లిపోయినా లెక్క తలకిందులవుతుంది.

ప్రశ్న: పన్ను శాతం ఒకటే ఉన్నప్పుడు రాబడి నెలనెలా ఎందుకంత ఊగుతుంది? అంకెలతో చెప్పగలరా?
— నాష్‌విల్, టెనెసీ నుంచి

చెబుతాం. ఈ కింది అంకెలు లెక్క తెలియడం కోసం వేసుకున్నవి.

ఒక రాష్ట్రంలో ఒక నెలలో కట్టిన మొత్తం పందెం సొమ్ము 10 కోట్ల డాలర్లు అనుకుందాం. దీన్నే హ్యాండిల్ అంటారు. గెలిచినవాళ్లకు 9 కోట్ల 5 లక్షలు తిరిగి ఇచ్చారు. కంపెనీల చేతిలో మిగిలింది 95 లక్షలు. ఫెడరల్ ప్రభుత్వం ప్రతి పందెం సొమ్ము మీద 0.25 శాతం ఎక్సైజ్ పన్ను వేస్తుంది, అంటే 2.5 లక్షలు. కొన్ని రాష్ట్రాలు దాన్ని తీసేసుకోనిస్తాయి. మిగిలింది 92.5 లక్షలు. ఇక కొత్తవాళ్లను రప్పించడానికి కంపెనీలు ఇచ్చే ఉచిత పందేలు, బోనస్‌లు ఉన్నాయి. అవి 30 లక్షలు అనుకోండి. వాటిని కూడా తగ్గించుకోనిస్తే పన్ను పడేది 62.5 లక్షల మీదే. 15 శాతం చొప్పున 9,37,500 డాలర్లు వస్తాయి. బోనస్ తగ్గింపు ఒప్పుకోకపోతే అదే నెలకు 13,87,500 వచ్చేవి. శాతం మారలేదు, నాలుగున్నర లక్షలు మాత్రం జారిపోయాయి.

మరుసటి నెల ఫుట్‌బాల్‌లో అందరూ గెలుస్తాయనుకున్న జట్లే గెలిచాయి. హ్యాండిల్ అంతే, కానీ చెల్లింపులు 9.5 కోట్లకు చేరాయి. మిగిలిన 50 లక్షల్లో ఎక్సైజ్, బోనస్ పోగా పన్ను పడేది 17.5 లక్షల మీద. రాష్ట్రానికి వచ్చేది 2,62,500. నియంత్రణ సంస్థను ఈ రాబడి మీద ఆధారపడేలా కట్టామంటే ఆ నెల జీతాలు ఎలా ఇస్తారో ఆలోచించండి. కొన్ని రాష్ట్రాల్లో కంపెనీకి నష్టం వచ్చిన నెల నష్టాన్ని తర్వాతి నెలలకు మోసుకెళ్లే వీలుంది. అప్పుడు దెబ్బ రెండు మూడు నెలలు ఉంటుంది.

వర్జీనియాలో మొదట్లో బోనస్‌ల తగ్గింపుకు హద్దు లేదు. కొన్ని కంపెనీలు లక్షల డాలర్ల పందేలు తీసుకుంటూ కూడా పన్ను సున్నా చూపించిన నెలలున్నాయి. 2022 జులై నుంచి ఆ తగ్గింపును కంపెనీ మొదలైన తొలి 12 నెలలకే పరిమితం చేశారు. కొలరాడో 2023 జనవరి నుంచి దాన్ని మొత్తం పందేల్లో 2.5 శాతానికి కుదించి, తర్వాత ఇంకా తగ్గించుకుంటూ వచ్చింది.

మీ టెనెసీ వేరే దారి పట్టింది. 2023 జులై 1 నుంచి నికర రాబడిని పక్కన పెట్టి మొత్తం పందెం సొమ్ము మీదే 1.85 శాతం వేస్తోంది. పై ఉదాహరణలో రెండు నెలల్లోనూ 18,50,000 వచ్చేవి. ఎవరు గెలిచినా ఓడినా రాష్ట్రానికి ఒకటే, లెక్క చూడటమూ తేలిక, బోనస్‌ల గొడవా లేదు. కష్టం కంపెనీ వైపు ఉంటుంది. నష్టం వచ్చిన నెలలోనూ పన్ను కట్టాలి కాబట్టి, తక్కువ లాభంతో మంచి రేట్లు ఇచ్చే చిన్న కంపెనీ ముందుగా దెబ్బతింటుంది.

ఇల్లినాయిస్‌ది ఇంకో ప్రయోగం. 2024లో 20 నుంచి 40 శాతం దాకా మెట్లుగా పెంచింది. 2025 జులై నుంచి దానిమీద ఒక్కో పందేనికి 25 సెంట్లు, ఏడాదిలో 2 కోట్ల పందేలు దాటిన కంపెనీకి ఆ పైవాటికి 50 సెంట్లు వేసింది. రెండు పెద్ద కంపెనీలు ఆ 50 సెంట్లను పందెం కట్టేవాళ్ల మీదికే తోశాయి. డాలరు పందేలు కట్టేవాళ్లకు ఇది చాలా భారం. చిన్న పందెం వాళ్లను చట్టబద్ధమైన ఆప్‌ల నుంచి తరిమేస్తే వాళ్లలో కొందరు మానేస్తారు, కొందరు లైసెన్స్ లేని సైట్లకు వెళ్తారు. అక్కడ ఏ కమిషన్ చెయ్యీ అందదు.

ప్రశ్న: ఫాంటసీ పోటీలకు వేరే చట్టం, వేరే ఫీజు ఎందుకు? రెండూ ఫోన్‌లో డబ్బు పెట్టి ఆడేవేగా?
— ఎడిసన్, న్యూజెర్సీ నుంచి

చరిత్ర అలా నడిచింది. 2006 నాటి ఫెడరల్ చట్టం ఇంటర్నెట్ జూదానికి చెల్లింపులు ఆపుతూ, కొన్ని షరతులు తీరిన ఫాంటసీ ఆటలను మినహాయించింది. బహుమతి మొత్తం ముందే ప్రకటించి ఉండాలి, ఎంతమంది చేరారన్న దాన్ని బట్టి మారకూడదు. ఫలితం ఆటగాళ్ల గణాంకాల మీద, అదీ ఒకటికి మించిన మ్యాచ్‌ల మీద ఆధారపడాలి. ఒక్క జట్టు స్కోరు మీదో, ఒక్క ఆటగాడి ఒక్క ప్రదర్శన మీదో కాకూడదు. క్రీడా పందేలకేమో 1992 చట్టం అడ్డుగా ఉండేది. సుప్రీంకోర్టు దాన్ని 2018 మే 14న కొట్టేసింది. ఈలోగా 2016లోనే వర్జీనియా, న్యూయార్క్ వంటి రాష్ట్రాలు ఫాంటసీకి విడిగా చట్టాలు చేసుకున్నాయి. పందేల చట్టాలు తర్వాత వచ్చి పక్కన చేరాయి.

వర్జీనియా 2016లో పెట్టిన రిజిస్ట్రేషన్ ఫీజు 50 వేల డాలర్లు. దేశమంతా తిరిగే పెద్ద కంపెనీకి అది లెక్కలోది కాదు. నలుగురైదుగురు కలిసి నడిపే చిన్న సైట్‌కు ఆ రాష్ట్రంలో ఏడాదికి వచ్చే మొత్తమే అంత ఉండదు. ఫలితంగా చిన్నవాళ్లు తప్పుకున్నారు. ఫీజు అందరికీ ఒకటే పెట్టడం కంటే రాబడిని బట్టి మెట్లు పెట్టడం మేలని మేం అనేది ఇందుకే.

పన్ను లెక్కలోనూ మెలిక ఉంది. ఫాంటసీ పోటీలో పెన్సిల్వేనియా వాడూ టెక్సస్ వాడూ ఒకే బహుమతి కోసం పోటీ పడతారు. అందుకని కంపెనీ మొత్తం రాబడి మీద రాష్ట్రం పన్ను వేయడానికి వీల్లేదు, తన వాటా మీదే వేయాలి. న్యూయార్క్ పద్ధతి చూడండి. దేశం మొత్తం మీద ప్రవేశ రుసుములు కోటి డాలర్లు, బహుమతులు 88 లక్షలు అనుకుంటే మిగిలేది 12 లక్షలు. రుసుముల్లో న్యూయార్క్ వాళ్లవి 9 శాతమైతే పన్ను పడేది 1,08,000 మీద. 15 శాతం అంటే 16,200. అదే 1,08,000 మీద ఇంకో అర శాతం, 540 డాలర్లు. ఈ అర శాతానికి ఏడాదికి 50 వేల డాలర్ల గరిష్ఠ పరిమితి ఉంది.

ఆ 9 శాతం అన్న అంకె ఎవరిచ్చారు? కంపెనీయే. తప్పు దొర్లేది అక్కడే. ఖాతా తెరిచినప్పుడు రాసిన చిరునామాను బట్టి లెక్కేస్తే ఒక శాతం, పోటీలో చేరినప్పుడు ఫోన్ ఎక్కడుందో చూసి లెక్కేస్తే ఇంకో శాతం వస్తుంది. ఆడిటర్ చేయాల్సిన పని: ఒక నెల ప్రవేశాల చిట్టా తీసుకుని, ఒక్కో ప్రవేశం పక్కన లొకేషన్ రికార్డు పెట్టి, పన్ను పత్రంలోని శాతంతో సరిచూడటం. మధ్యలో రద్దయి రుసుము తిరిగి ఇచ్చిన పోటీలను రెండు వైపులా తీసేయాలి. వాటిని ఒకవైపే తీసేస్తే శాతం వంకరపోతుంది. ఈ పని రెండు మూడు వారాలు పడుతుంది. ఒక చిన్న కంపెనీ నుంచి వచ్చే పన్ను ఆ ఆడిటర్ జీతానికి కూడా సరిపోదు. అందుకే ఫాంటసీ విభాగానికి ప్రత్యేకంగా మనుషులను పెట్టరు. పందేలు చూసేవాళ్లకే ‘ఇది కూడా చూడండి’ అని తగిలిస్తారు. ఇక అది వెనకబడిపోతుంది.

ఇంకో చిక్కు. ‘ఈ ఆటగాడు ఇంతకంటే ఎక్కువ పరుగెడతాడా, తక్కువా’ అని రెండు మూడు ఊహలు కలిపి కంపెనీకే ఎదురు ఆడే పోటీలను పిక్-ఎమ్ అంటారు. పేరుకు ఫాంటసీ, తీరు చూస్తే పందెమే. ఫాంటసీ అంటే తక్కువ ఫీజు, తక్కువ తనిఖీ. అందుకే కంపెనీలు ఆ పేరుకు అంటిపెట్టుకుంటాయి. న్యూయార్క్ 2023లో నియమాలు మార్చి వీటిని ఆపేసింది. కాలిఫోర్నియాలో అటార్నీ జనరల్ 2025 జులైలో ఇంకా ముందుకెళ్లి, రోజువారీ ఫాంటసీ ఏ రూపంలో ఉన్నా రాష్ట్ర చట్టానికి విరుద్ధమేనని అభిప్రాయం ఇచ్చారు.

ప్రశ్న: ఆప్ దానంతట అదే నడుస్తుంది, డబ్బు దానంతట అదే వస్తుంది. చూడటానికి అంతమంది ఎందుకు?
— డెన్వర్, కొలరాడో నుంచి

ఒక్క ఉదాహరణ చాలు. మసాచుసెట్స్‌లో స్థానిక కాలేజీ జట్ల మీద పందేలు నిషేధం, నాలుగు లేదా అంతకు మించి జట్లున్న టోర్నమెంట్ అయితే తప్ప. 2023లో పందేలు మొదలైన తొలి వారాల్లోనే క్యాసినోలు ఆ నిషేధమున్న ఆటల మీద పందేలు తీసుకున్నట్టు బయటపడి జరిమానాలు పడ్డాయి. ఇలాంటి తప్పు ఎక్కువగా ఎలా జరుగుతుందంటే, మ్యాచ్‌ల జాబితా దేశమంతటికీ ఒకే సరఫరాదారు నుంచి వస్తుంది, రాష్ట్రానికి రాష్ట్రం తీసేయాల్సినవాటిని ఎవరో చేత్తో గుర్తు పెట్టాలి. ఆ గుర్తు మర్చిపోతే ఆప్ దానంతట అదే తప్పు పందెం తీసుకుంటుంది. తెల్లారి జాబితా తెరిచి చూసే మనిషి ఉంటేనే అది ఆగుతుంది.

ప్రశ్న: వ్యసనంలో పడ్డవాళ్ల చికిత్సకు ఎంత ఇస్తున్నారు? అది సరిపోతుందా?
— షార్లట్, నార్త్ కరోలినా నుంచి ఇద్దరు పాఠకులు

రాష్ట్రానికో లెక్క. ఒహాయోలో పందేల పన్నులో 2 శాతం, వర్జీనియాలో 2.5 శాతం, టెనెసీలో 5 శాతం. మసాచుసెట్స్‌లో ప్రజారోగ్య నిధికి 9 శాతం. మీ నార్త్ కరోలినాలో శాతం లేదు, ఏటా 20 లక్షల డాలర్లు. న్యూయార్క్‌లోనూ స్థిర మొత్తమే, 60 లక్షలు. ఆ రాష్ట్రం పన్ను రేటు 51 శాతం అని గుర్తుంచుకుని ఆ 60 లక్షలను చూడాలి. కొలరాడో మొదట పెట్టింది లక్షా 30 వేల డాలర్లు మాత్రమే. ఆ సొమ్ముతో పట్టుమని ఇద్దరు నిపుణులను కూడా ఏడాది పొడవునా పెట్టుకోలేరు.

మా అభిప్రాయం సూటిగా చెబుతాం: స్థిర మొత్తం పెట్టడం అన్యాయం. పందేలు ఏటేటా పెరుగుతుంటే సాయం ఉన్నచోటే ఆగిపోతుంది. అలాగని ఒట్టి శాతం కూడా సురక్షితం కాదు. రాబడి పడిపోయిన ఏడాది హెల్ప్‌లైన్ మూసేయలేం కదా. ‘ఇంత శాతం లేదా ఇంత మొత్తం, ఏది ఎక్కువైతే అది’ అని రాయడం మేలు. మిస్సోరి అలా రాసుకుంది: పన్నులో 10 శాతం లేదా 50 లక్షల డాలర్లు, ఏది ఎక్కువైతే అది వ్యసన నివారణ నిధికి.

కేటాయించగానే పనైపోదు. డబ్బు ఖర్చు కాకుండా మిగిలిపోవడం తరచూ కనిపించే జబ్బు. జూద వ్యసనంలో శిక్షణ పొందిన కౌన్సెలర్లు తక్కువ. కౌన్సెలర్ శిక్షణకు ఏడాది పడుతుంది, బడ్జెట్ ఏడాది ముగిస్తే మిగిలిన సొమ్ము వెనక్కి పోతుంది. అందుకని ఖర్చు కాని సొమ్ము అదే నిధిలో ఉండిపోవాలన్న వాక్యం చట్టంలో తప్పనిసరి. మొదటి రెండేళ్లు హెల్ప్‌లైన్ కంటే ఎక్కువగా కౌన్సెలర్ల శిక్షణకే పెట్టాలి. ఫోన్ ఎత్తినవాళ్లు పంపించడానికి అవతల ఒక మనిషి ఉండాలి కదా.

ఫెడరల్ ప్రభుత్వం సంగతి కూడా కొందరు అడిగారు. ప్రతి పందెం మీదా వచ్చే ఆ 0.25 శాతం ఎక్సైజ్ సాధారణ ఖజానాకే పోతోంది. అందులో సగం జూద వ్యసన చికిత్సకు, పరిశోధనకు ఇవ్వాలని 2024 జనవరిలో సెనేటర్ రిచర్డ్ బ్లూమెంతాల్, ప్రతినిధి ఆండ్రియా సలీనాస్ బిల్లు పెట్టారు. 2024లో దేశమంతా చట్టబద్ధంగా కట్టిన పందేలు సుమారు 15,000 కోట్ల డాలర్లు. దానిమీద పావు శాతం ఎంతవుతుందో, అందులో సగం ఎంతో మీరే లెక్కేసుకోండి. 

ప్రశ్న: కంపెనీల డబ్బుతోనే నియంత్రణ సంస్థ నడిస్తే, అది కంపెనీల మాట వినదా?
— సియాటిల్ నుంచి

ఆ భయం న్యాయమైనదే. ఖజానా నుంచి ఇస్తే ఆ బెడద ఉండదనుకుంటాం గానీ, అప్పుడు వేరే బెడద మొదలవుతుంది. బడ్జెట్ కోత వచ్చినప్పుడల్లా బడులు, ఆసుపత్రుల పక్కన నిలబడి ‘మాకూ ఇవ్వండి’ అని అడిగితే గేమింగ్ ఆడిటర్లే ముందు కోతకు గురవుతారు. పైగా పందెం కట్టని జనం ఆ ఖర్చు మోయడం ఎందుకు? కంపెనీల చేతే కట్టించాలి, కానీ కట్టేవాడికి పగ్గం చిక్కకూడదు.

అందుకు చట్టంలో చూడాల్సినవి ఇవి. మొత్తం ఎంతో తేల్చేది కమిషన్ కావాలి, కంపెనీతో బేరమాడి తేల్చేది కాకూడదు. కమిషన్ బడ్జెట్ బహిరంగ సమావేశంలో చర్చించి ఆమోదించాలి. వాటా చెల్లింపు లైసెన్స్ షరతు కావాలి, కట్టకపోతే లైసెన్స్ ఆగాలి. కనీసం మూడు నాలుగు నెలల ఖర్చుకు సరిపడా నిల్వ ఉండాలి. లేకపోతే ఒక పెద్ద కంపెనీ కోర్టుకెక్కి చెల్లింపు ఆపినప్పుడు సంస్థ కాళ్లు వణుకుతాయి. అన్నిటికంటే ముఖ్యం, జరిమానాల సొమ్ము నియంత్రణ సంస్థ జీతాలకు వెళ్లకూడదు. వెళ్తే, జరిమానా వేసిన ప్రతిసారీ అది తప్పు కోసం వేసిందా, బడ్జెట్ కోసం వేసిందా అన్న అనుమానం వస్తుంది. ఖజానాకు పోనివ్వండి.

న్యూహాంప్‌షైర్‌లో పరిస్థితి కాస్త వేరు. అక్కడ లాటరీ సంస్థ టెండర్ పిలిచి ఫోన్ పందేలను ఒకే కంపెనీకి ఇచ్చింది, రాబడిలో 51 శాతం రాష్ట్రానిది. నిఘా ఖర్చు తక్కువ, ఎందుకంటే చూడాల్సింది ఒక్క కంపెనీనే. కాపలాదారే భాగస్వామి కూడా కావడం మాత్రం మాకు నచ్చని సంగతి.

ప్రశ్న: మా రాష్ట్రంలో డబ్బు ఎటు వెళ్తోందో మామూలు మనిషి ఎలా తెలుసుకోవాలి?
— రిచ్‌మండ్, వర్జీనియా నుంచి

ఒక సాయంత్రం పని. ముందు నియంత్రణ సంస్థ వెబ్‌సైట్‌లో నెలవారీ రెవెన్యూ నివేదిక తెరవండి. అందులో హ్యాండిల్, తగ్గింపులు, పన్ను పడే రాబడి, పన్ను అనే నాలుగు గడులు వెతకండి. పన్నును పన్ను పడే రాబడితో భాగిస్తే చట్టంలోని శాతం రావాలి. పన్నును హ్యాండిల్‌తో భాగిస్తే ప్రతి వంద డాలర్ల పందెం మీద రాష్ట్రానికి నిజంగా ఎంత దక్కుతోందో తెలుస్తుంది. ఈ రెండో అంకెనే పక్క రాష్ట్రంతో పోల్చండి. పన్ను శాతాలను పోల్చి వాదించుకోవడం వృథా, ఎందుకంటే తగ్గింపులు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి.

తర్వాత చట్టంలో పన్ను పంపకం గురించిన సెక్షన్ చదవండి. పేజీకి మించదు. మీ వర్జీనియాలో 97.5 శాతం సాధారణ ఖజానాకు, 2.5 శాతం వ్యసన చికిత్స నిధికి అని రెండు ముక్కల్లో ఉంటుంది. ఆ తర్వాత రాష్ట్ర బడ్జెట్‌లో నియంత్రణ సంస్థ పద్దు తీసి రెండు అంకెలు చూడండి: మంజూరైన ఉద్యోగాలెన్ని, భర్తీ అయినవెన్ని. వీటి మధ్య తేడా మూడేళ్లుగా తగ్గకపోతే డబ్బు కంటే జీతాల స్థాయిలోనే సమస్య ఉందని అర్థం. చివరగా చికిత్స నిధిలో ఏడాది చివరి నిల్వ చూడండి. అది పెరుగుతూ పోతుంటే సంతోషించాల్సింది కాదు. సాయం అందాల్సినవాళ్లకు అందడం లేదన్నమాట.

నియమాల సవరణ ముసాయిదా వచ్చినప్పుడు ప్రజాభిప్రాయానికి గడువిస్తారు. ఈ అంకెలతో రాసిన ఒక పేజీ ఉత్తరాన్ని కమిషనర్లు చదువుతారు. ‘జూదం చెడ్డది’ అని మాత్రమే రాసిన ఉత్తరాలు లెక్కకు మాత్రం చేరతాయి.

ప్రశ్న: ఇప్పుడు ప్రిడిక్షన్ మార్కెట్ల ఆప్‌లలో కూడా మ్యాచ్‌ల మీద డబ్బు పెడుతున్నారు. వాటి పన్ను రాష్ట్రానికి వస్తుందా?
— ఫీనిక్స్, అరిజోనా నుంచి

పందెం పన్ను రాదు. అవి తమను కమోడిటీ ఫ్యూచర్స్ ట్రేడింగ్ కమిషన్ అనే ఫెడరల్ సంస్థ కింద నడిచే ఎక్స్‌చేంజ్‌లుగా చెప్పుకుంటాయి, మ్యాచ్ ఫలితాన్ని ఒక కాంట్రాక్టుగా అమ్ముతాయి. 2025 జనవరి నుంచి క్రీడల కాంట్రాక్టులు బాగా పెరిగాయి. చాలా రాష్ట్రాలు ఆపమని నోటీసులు ఇచ్చాయి, ఎక్స్‌చేంజ్‌లు కోర్టుకెళ్లాయి. రాష్ట్రానికి లైసెన్స్ ఫీజు లేదు, కమిషన్ ఖర్చులో వాటా లేదు, చికిత్స నిధికి పైసా లేదు. ఫోన్‌లో వాటిమీద డబ్బు పోగొట్టుకున్నవాడు మాత్రం సాయం కోసం ఫోన్ చేసేది రాష్ట్రం నడిపే హెల్ప్‌లైన్‌కే. లైసెన్స్ తీసుకున్న కంపెనీలు ‘మేమొక్కరమే ఎందుకు కట్టాలి’ అని అడగడం మొదలుపెట్టాయి. కోర్టులు తేల్చేదాకా ఆగకుండా, చికిత్స నిధికి కనీస మొత్తాన్ని పన్నుతో ముడిపెట్టకుండా చట్టంలో రాసుకోవడం రాష్ట్రాల చేతిలోనే ఉంది.